వాలు పెట్టినవాడు

పోయిన వారం శృంగవరపుకోట దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా పోసిన ర్యాంపు మీద తడి గోనెసంచులు పరిచారు. సిమెంటు త్వరగా ఆరిపోకుండా అలా పరచడం మామూలే. ఆ వాలు లెక్క కట్టింది నేను. పన్నెండు అడుగుల నడకకు ఒక అడుగు ఎత్తు. టేపు పట్టుకుని మూడోసారి కొలవడానికి వంగేసరికి తడి గోనె వాసన ముక్కుకు తగిలింది. కొలత మధ్యలోనే చెయ్యి ఆగిపోయింది. కొత్తవలసలో నేను పనిచేసిన రాతి యార్డు, అక్కడ లారీల నుంచి రాళ్లు దింపే కళాసీల మేస్త్రి సింహాచలం మావ గుర్తుకొచ్చారు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ అంకెల మీద ఇష్టం ఆగలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే లెక్కలు నేర్చుకునేవాణ్ణి. యార్డులో గుమస్తాగా, వచ్చిన ప్రతి రాయి పొడవు, వెడల్పు, మందం రాసుకోవడం నా పని. మావకు యాభై దాటాయి, బడి మొహం చూడలేదు. ఆయన కొలబద్ద ఆయన జానే. ఒకసారి టేపు పెట్టి చూశాను, తొమ్మిది అంగుళాలకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తక్కువ. ఏ రోజు కొలిచినా అంతే.

మా యార్డుకు క్రేను లేదు. లారీ అంచు నుంచి నేలకు రెండు పొడవాటి గుగ్గిలం చెట్టు దుంగలు వాలుగా పెట్టి, వాటి మీదుగా రాయిని గునపాలతో తోసి దింపేవారు. వాలు మరీ ఎక్కువైతే రాయి మనిషి మాట వినదు. మరీ తక్కువైతే పదిమంది తోసినా కదలదు. అందుకని ప్రతిసారీ మావ ముందు ఒక పని చేసేవారు. అదే గుగ్గిలం కర్రతో చేసిన పది జానల చెక్క మీద కొబ్బరికాయంత రాతి ముక్క పెట్టి, చెక్క ఒక కొసను మెల్లగా పైకెత్తించేవారు. ముక్క జారిన క్షణంలో "ఆపు!" అని ఎత్తును జానలతో కొలిచేవారు. నాలుగు జానలకు జారితే, తోస్తేనే కదిలేలా అసలు దుంగలను పదికి మూడు వాలులో పెట్టించేవారు.

మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

"మావా, ఈ ముక్క రెండు కిలోలు. లారీ మీద ఉన్నది రెండు టన్నులు. దీనికి దానికి పోలికేటి?"

"అది ఎంత గట్టిగా కిందికి లాగుతాదో, దుంగని అంత గట్టిగా అదుముతాది కూడాను," అన్నారు మావ, నా మొహం కూడా చూడకుండా. "లాగుడూ అదుముడూ కలిసే పెరుగుతాయి. నమ్మకపోతే ఇంటికెళ్లి సూసుకో."

చూసుకున్నాను. మా పెరట్లో ఒక చెక్క మీద ఇటుక ముక్కనూ, దాని పక్కనే నిండు ఇటుకనూ పెట్టి ఎత్తాను. రెండూ దాదాపు ఒకే ఎత్తులో జారాయి. పది సార్లు చేశాను. ఇటుక మీద ఇటుక పెట్టి బరువు పెంచి కూడా చేశాను. అదే ఎత్తు. అక్షరం రాని మనిషి చెప్పిన మాటకు లోకమంతా కట్టుబడి ఉన్నట్టు అనిపించి చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాను.

తర్వాత రెండేళ్లకు, మావ తన మనవరాలి అన్నప్రాశనకు గజపతినగరం వెళ్లిన రోజున లారీ ముందే వచ్చేసింది. డ్రైవరు తొందరపెడుతున్నాడు. నేను చూస్తానని ముందుకొచ్చాను. యార్డు కుప్పలోంచి అదే రంగు రాతి ముక్క తీసుకుని పరీక్షించాను. సరిగ్గా నాలుగుకు జారింది. దుంగలు మూడుకు పెట్టించాను. లారీ మీదున్న నలుగురు కళాసీలూ ఆ రెండు టన్నుల రాయిని తోసి, మూరెడు మేర అంచు బయటికి తెచ్చారు. దుంగలు పక్కకు జరగకుండా చూడటానికి అప్పలరాజు అనే కళాసీ కింద నిలబడ్డాడు. అంతలో మావ బస్సు దిగి వచ్చారు.

"వాలు ఎవులు పెట్టినారు?"

"నానే మావా. సెక్క మీద సూసేను. నాలుక్కి జారింది, మూడు పెట్టేను."

"మరి కింద అప్పల్రాజు నిల్సున్నాడేటి?"

"ఆడికి రాళ్లు దింపడం అలవాటు కదా."

"లెక్క నీది, కాళ్లు ఆడివేటిరా?"

పైనున్న వాళ్లు గునపాలు ఆపేశారు. ఆ యార్డులో వాలు పెట్టినవాడే కింద నిలబడాలి. రెండేళ్లు మావే కింద నిలబడటం చూస్తూ కూడా నేను దాన్ని మేస్త్రి దర్జా అనుకున్నాను. అప్పలరాజు గునపం నా చేతిలో పెట్టి, "నిల్సో గుమస్తా, నాను టీ తాగొస్తాను," అని పళ్లికిలించాడు.

నిలబడ్డాను. తలెత్తి చూశాను. అంచు బయటికొచ్చిన ఆ మూరెడు మేర రాయి అడుగు కనిపించింది. నున్నగా, అద్దంలా మెరుస్తోంది. మిషను మీద కోసిన ముఖం అది. నేను చెక్క మీద పెట్టిన ముక్కేమో గరుకుది. పైనుంచి చూసిన ఎవరికీ ఆ అడుగు కనబడే వీలు లేదు.

"ఆగండి! తొయ్యకండి!" అని అరిచాను.

మావ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని పైకి చూశారు. "అడుగు కోసుందని నాకూ తెల్దురా," అన్నారు. రాయి జారకుండా కింద కర్ర చీలలు కొట్టించి, కోత ముఖం ఉన్న ముక్క వెతికించి మళ్లీ పరీక్ష చేయించారు. రెండు జానలు దాటీ దాటకుండానే అది సర్రున జారిపోయింది. నేను పెట్టిన మూడు మీద, ఆ రెండు టన్నులు ఎవరూ తోయకుండానే అప్పలరాజు మీదికి వచ్చేవి.

మావ దుంగలకు తడి గోనెలు చుట్టించి మేకులు కొట్టించారు. చెక్కకూ గోనె చుట్టి చూస్తే, ఈసారి ముక్క నాలుగు దాటినా జారలేదు. తర్వాత రాయి తోసినప్పుడల్లా జానెడు కదిలి, ఆగి, మళ్లీ తోస్తే మళ్లీ జానెడు కదిలి, నేల మీద కూర్చుంది. అంతసేపూ కింద నేనే ఉన్నాను. నా చొక్కా కూడా ఆ గోనెల్లాగే తడిసిపోయింది.

"కింద నిల్సున్నోడికి కళ్లు పెద్దవవుతాయి లే," అని మావ నా వీపు తట్టారు.

కొన్నేళ్లకు ఒక పాత భౌతికశాస్త్ర పుస్తకంలో ఆ సంగతి దొరికింది. బరువు సమీకరణానికి రెండువైపులా ఉంది. పెన్సిలుతో రెండుచోట్లా కొట్టేశాను. రెండు కిలోలూ రెండు టన్నులూ నా కళ్ల ముందే లెక్కలోంచి తప్పుకున్నాయి, మిగిలింది వాలూ గరుకూ మాత్రమే. పుస్తకం పట్టుకుని మావ ఇంటికి పరిగెత్తాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు.

"కింద ఎవులు నిల్సోవాలో రాసినాడా?"

"నేదు మావా."

"అయితే సగమే రాసినాడు."

మావ పోయి చాలా ఏళ్లయింది. నిన్న ర్యాంపు మీది గోనెలు తీశారు. వానలో జారుతుందేమో చూద్దామని నేను రెండు బకెట్ల నీళ్లు పోసి వాలంతా తడిపి, చక్రాల కుర్చీ తెప్పించాను. "మీరెందుకండీ, కూలీ ఎవరినైనా కూర్చోబెట్టండి," అని సైటు ఇంజనీరు నవ్వాడు. లెక్క నాదండీ అన్నాను. కుర్చీలో కూర్చుని, చక్రాలు నా చేతులతోనే పట్టుకుంటూ, తడి వాలు మీద మెల్లగా దిగాను. దిగాక లేచి, కింద నిలబడి, తలెత్తి పైకి చూశాను.