నేను దాచిన చలిజ్వరం

నెబో కొండ మీద నాకు చలి పుట్టింది. మిట్టమధ్యాహ్నం. యాత్రకు వచ్చిన మా గుంపులో అందరూ కొంగులతో, టోపీలతో విసురుకుంటున్నారు. నేను మాత్రం శాలువా కప్పుకుని పళ్లు బిగబట్టాను. ఆ కొండ జోర్డాన్ దేశంలో ఉంది. మబ్బు లేకపోతే అక్కడి నుంచి యెరూషలేము కనిపిస్తుందని గైడ్ చెయ్యి చాపి చూపించాడు. ఆ రోజు అంతా మసకగా ఉంది.

నేను పినపాక వైపు ఒక పి.హెచ్.సి.లో ఏ.ఎన్.ఎం.ని, ఊళ్లు తిరిగే నర్సును. అడవి పల్లెలకు నడిచిపోయి, జ్వరం అన్నవాళ్ల వేలు గుచ్చి, మలేరియా పరీక్షకు గాజు స్లైడ్ మీద రక్తం చుక్క తీసుకోవడం నా పని. అప్పటికి ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాను. అలాంటిదానికి ఆ చలి ఏమిటో తెలియకుండా ఉంటుందా? తెలిసింది. తెలియనట్టు ఊరుకున్నాను.

ఎందుకంటే యెరూషలేము ఇంకా చూడలేదు. మా అమ్మకు చదువు రాదు. నేను బైబిలు చదువుతుంటే పక్కన కూర్చుని, యెరూషలేము అన్న మాట వచ్చినప్పుడల్లా ఎక్కడుందో చూపించమని వేలితో తడిమేది. చూసి చూసి ఆ ఒక్క మాటను తనే గుర్తుపట్టేది. ఆమె పోయాక ఆ ఆశ నాకు మిగిలింది. రెండు వేల సంవత్సరం దాటాక మా వైపు సంఘాల నుంచి యాత్రలు మొదలైతే, నేనూ మా అన్న భార్య రత్నమ్మ వదినా పేర్లు ఇచ్చాం.

బయల్దేరడానికి పది రోజుల ముందు ఒక గుట్ట కింది గూడెంలో ఫీవర్ క్యాంపు పడింది. రెండు రోజులు అక్కడే ఉన్నాను, అక్కడే పడుకున్నాను. దోమతెర సంచిలో మడత విప్పకుండా ఉండిపోయింది. ఊరందరికీ తెర కట్టుకొమ్మని కేకలేసేది నేనే. దీపం కిందే చీకటి అంటారు కదా, అదే నా సంగతి. యాత్రకు పచ్చళ్లు కట్టుకున్నాను గానీ మలేరియా మాత్రలు పెట్టుకోలేదు. ఆ దేశంలో మలేరియా ఏమిటి అనుకున్నాను.

కొండ దిగి అమ్మాన్‌లోని హోటల్‌కు రాగానే రెండు పారాసెటమాల్ మింగాను. వదిన నా నుదురు తాకి చూసింది.

"ఏందే, ఒళ్లు పెనం లెక్క కాలుతాంది? అయ్యగారికి చెప్పొస్త."

"చెప్పకు వదినా. నన్నిడిసిపెట్టి పోతరు."

అయ్యగారంటే మమ్మల్ని తీసుకెళ్లిన పాస్టర్. మర్నాడు వదిన ఆగలేక చెప్పేసింది. ఆయన నన్ను హోటల్ పక్కన క్లినిక్‌కు తీసుకెళ్లారు. పోయేముందు నేను మళ్లీ పారాసెటమాల్ మింగాను. థర్మామీటర్‌లో జ్వరం కనబడలేదు. ఎక్కడి నుంచి వచ్చారని డాక్టర్ అడిగాడు. "హైదరాబాద్" అన్నాను. బయట ఎవరడిగినా మేమందరం చెప్పేది అదే. పినపాక అంటే ఎవరికి తెలుస్తుంది?

"వైరల్. ప్రయాణం బడలిక. రెస్ట్ తీసుకోండి" అని చీటీ రాసిచ్చాడు. ఆ మాటకు నేను సంతోషపడ్డాను. మందు మింగి స్లైడ్‌కు వచ్చినవాళ్లను ఎన్నిసార్లు తిట్టానో నాకే తెలుసు.

మూడో రోజు పొద్దున బస్సు ఎక్కాలి. యోర్దాను నది మీద వంతెన దాటితే అవతల యెరూషలేము వైపు ఐదు రోజుల యాత్ర. హోటల్ మెట్ల మీద నాకు కళ్లు తిరిగాయి. తెలివొచ్చేసరికి హాస్పిటల్‌లో ఉన్నాను.

"అమ్మా, వీసా అందరికీ కలిపి ఇచ్చిన్రు. ఒక్కసారే దాటాలె. తర్వాత నువ్వొక్కదానివి రానీకి కుదరదు" అన్నారు అయ్యగారు. చెప్పలేక చెప్పారు.

వదిన మంచం పట్టె పట్టుకుంది. "నిన్నిట్ల పండబెట్టి పోతె మీ అన్నకు ఏం మొఖం చూపియ్యాలె?"

"నువ్వుంటె నాకు రెండు జ్వరాలైతయి. పో వదినా."

ఆమె వెనక్కి చూసుకుంటూ వెళ్లింది. తలుపు మూసుకున్నాక, ఆమెను ఎందుకు పొమ్మన్నానా అని ఏడ్చాను.

హాస్పిటల్ డాక్టర్ ఇంగ్లీషు మెల్లగా మాట్లాడే మనిషి. సి.బి.సి. రక్తపరీక్ష చేయించాడు. ప్లేట్‌లెట్స్ బాగా తగ్గాయి. టైఫాయిడా, ఇంకేమైనానా అని ఆలోచిస్తున్నాడు. ఇక దాచి ఏం లాభం? వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను: "నాట్ హైదరాబాద్. ఫారెస్ట్ విలేజ్. ఫీవర్ క్యాంప్. ఐ యామ్ హెల్త్ వర్కర్. ప్లీజ్, మలేరియా స్మియర్."

ఆయన క్లినిక్ చీటీ చూసి, నన్ను చూశాడు. "ఈ మాట వాళ్లకు ఎందుకు చెప్పలేదు?"

ల్యాబ్ నుంచి వచ్చిన ఆయన స్లైడ్ మీద రక్తాన్ని పల్చగా పూసి, ఆ ఒక్క స్మియర్‌తో పోబోయాడు. ఇంకో స్లైడ్ అడిగి తీసుకున్నాను. ఎడమచేతి ఉంగరం వేలు నేనే గుచ్చుకుని, చుక్కను స్లైడ్ మూలతో గుండ్రంగా తిప్పి మందపాటి స్మియర్ చేసిచ్చాను; మలేరియా క్రిమి అందులోనే సులువుగా దొరుకుతుంది. అంత జ్వరంలోనూ పని మరిచిపోలేదు. గంట తర్వాత డాక్టర్ వచ్చి, "ఫాల్సిపారం. చాలా ఉంది" అన్నాడు. మలేరియాలో ప్రాణం తీసే రకం అదే.

ఆ దేశంలో మలేరియా లేదట. అందుకని మందు షాపుల్లో దొరకదు, ప్రభుత్వ స్టోర్ నుంచి తెప్పించాలి. సాయంత్రం దాకా ఎదురుచూశాను. మా పి.హెచ్.సి. తుప్పు పట్టిన బీరువా, దాని పై అరలో క్వినైన్ ఇంజక్షన్ల డబ్బా కళ్ల ముందు కదిలాయి. ఆ బీరువా కోసం అంతగా తపిస్తానని ఎన్నడూ అనుకోలేదు.

క్వినైన్ డ్రిప్ ఎక్కుతుంటే చెవుల్లో ఒకటే హోరు. రెండో రోజు షుగర్ పడిపోయి స్పృహ తప్పింది. డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజ్ పెట్టారు. క్రియాటినిన్ కూడా పెరిగింది, అంటే కిడ్నీల మీదా దెబ్బ పడింది. నర్సులు మంచివాళ్లు. కానీ ఎంత బాధకైనా వాళ్ల దగ్గర నాకున్నది పెయిన్ అనే ఒక్క మాట. ఒళ్లంతా ఇరగ్గొట్టినట్టుంది, పానం గుంజుతాంది అని ఎవరితో అనను? మా ఊరి మాట ఒక్కటి చెవిన పడితే చాలనిపించేది.

కిటికీ పడమటి వైపు ఉంది. యెరూషలేము ఎటు అని అడిగితే ఒక నర్సు అటే చూపించింది. దూరం కొత్తగూడెం నుంచి ఖమ్మం పోయినంత. అంతే. వదినవాళ్లు ఇప్పుడు ఏ వీధిలో ఉన్నారో, ఏ గుమ్మం దాటుతున్నారో అనుకుంటూ రోజంతా అటే చూసేదాన్ని. మా అమ్మను తలుచుకుని సిగ్గుపడేదాన్ని.

డిశ్చార్జి రాస్తూ డాక్టర్ అన్నాడు: "మొదటి రోజే వచ్చి ఉంటే మాత్రలతో సరిపోయేది. మీ బస్సులోనే వెళ్లేవారేమో." ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ మానలేదు.

గుంపు తిరిగొచ్చింది. వదిన నా పక్కన కూర్చుంది.

"ఎట్లుంది వదినా?"

"ఏముందే, అన్నీ రాళ్లే. ఎండ."

ఆమె ముఖంలో వెలుగు దాచినా దాగడం లేదు. నా కోసం అబద్ధమాడింది. ఇద్దరం చేతులు పట్టుకుని ఏడ్చాం.

ఇంటికొచ్చాక మూడు నెలలు మెట్లెక్కితే ఆయాసం. దువ్వితే జుట్టు చేతికొచ్చేది. తర్వాత కోలుకుని డ్యూటీలో చేరాను. దోమతెర లేకుండా ఎక్కడా పడుకోను. మళ్లీ పోదామని వదిన అంటుంది గానీ, మోకాళ్లు పాడయ్యాయి, వీలు చిక్కలేదు. ఆశ మాత్రం తగ్గలేదు.

మా వైపు నుంచి ఎవరు ఆ యాత్రకు బయల్దేరినా ముందు నా దగ్గరికి పంపుతారు. స్లైడ్ తీస్తాను, మందుల పేర్లు కాగితం మీద రాసిస్తాను. మొన్న కారేపల్లి నుంచి ఒకామె వచ్చింది. వేలు గుచ్చుతుంటే అడిగింది.

"నర్సమ్మా, నువ్వు పోయొచ్చినవట కదా. యెరూషలేములో ముందు ఏం చూడాలె?"

"నాకు తెల్వదమ్మా, నేను చూడలే. జరమొస్తె మాత్రం ఆ రోజే చెప్పు. ఏ ఊరని అడిగితె హైదరాబాద్ అనకు, కారేపల్లి అనే చెప్పు. అప్పుడు నువ్వు చూసొచ్చి నాకు చెప్తువు."