రీలు కడిగే సామాను

నా భార్య పోయిన ఏడాదికి, ఆమె కెమెరాలో ఒక రీలు ఉండిపోయిందని తెలిసింది. బీరువా సర్దుతూ కెమెరా తీసి చూస్తే ఎన్ని ఫోటోలు తీశారో చెప్పే అంకె సగం దాటి ఉంది. ఆమెకు ఫోనులో తీసే ఫోటోలు నచ్చేవి కావు. విశాఖపట్నంలో ఎవరో అమ్మేస్తుంటే ఆ పాత కెమెరా కొనుక్కుని, నలుపు తెలుపు రీళ్లు తెప్పించుకునేది. ఏం తీశావని అడిగితే, "కడిగించేక చూద్దువుగానిలే" అనేది. ఈ రీలు కడిగించకుండానే గుండెపోటుతో పోయింది.

అనకాపల్లి బజారులో స్టూడియో అతన్ని అడిగాను. అతను ఇప్పుడు పెళ్లి ఆల్బములూ, ఫ్లెక్సీలూ చేస్తున్నాడు. "రీళ్లు కడగడం ఎప్పుడో మానేసేం మాస్టారూ. మెడ్రాసు పంపాలి. దారిలో ఏటైనా అయితే నన్నడక్కండి" అన్నాడు. ఆ చివరి మాటకే భయమేసింది. ఎలాగోలా ఇంట్లో నేనే కడుగుదామనుకున్నాను.

నేను దేవరాపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. బస్సులో వెళ్తూ వస్తూ, ఫోనులో వీడియోలు చూసి ఏ సామాను కొనాలో ఆలోచించేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ వారాలు కాస్త తేలిగ్గానే గడిచాయి. తాళం తీసి ఖాళీ ఇంట్లోకి అడుగు పెట్టేటప్పుడు మనసులో తేల్చుకోవాల్సిన విషయం ఒకటి ఉండేది.

ముందుగా కావలసింది వెలుతురు చొరబడని మూత ఉన్న డబ్బా. దానిలో రీలు చుట్టే చక్రం ఉంటుంది. స్టీలు చక్రం బాగా మన్నుతుందట గాని, దాని మీద చుట్టడం చెయ్యి తిరిగితే తప్ప రాదు. ప్లాస్టిక్ చక్రం అటూ ఇటూ తిప్పుతుంటే ఫిలింను తనే లోపలికి లాక్కుంటుంది. అదే కొన్నాను. చుట్టడానికి కటిక చీకటి కావాలి. మా అద్దె ఇంట్లో ఏ గది మూసినా ఏదో సందులోంచి వెలుగు వస్తూనే ఉంటుంది. అందుకని చేతులు దూర్చుకునే నల్లగుడ్డ సంచి తెప్పించాను.

ఆమె రీలు ముట్టుకునే ముందు కొత్త రీలొకటి కొని సాధన చేశాను. ఎండాకాలం. సంచిలో చేతులు పెట్టిన కాసేపటికే చెమట కారింది. తడికి ఫిలిం చక్రంలో అంటుకుపోయింది, లాగితే నలిగింది. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెట్టింది. కాస్త గోకమనడానికి ఇంట్లో ఎవరూ లేరు. నవ్వొచ్చింది. నవ్వాక చాలాసేపు చేతులు బయటికి తీయకుండా అలాగే కూర్చున్నాను.

తర్వాత, లోపల కమ్మీలతో గుడారంలా నిలబడే పెద్ద సంచి కొన్నాను. అందులో గుడ్డ చేతులకు తగలదు. కొలపాత్రలూ థర్మామీటరూ కూడా వచ్చాయి. నీళ్లు ఇరవై డిగ్రీలుండాలని ఫిలిం కడిగే మందు పొట్లం మీద రాసి ఉంది. మా డాబా మీది ట్యాంకు నీళ్లలో థర్మామీటరు ముంచితే ముప్పై దాటిపోయింది. ఫ్రిజ్‌లో ఐసు ఏ మూలకీ చాలదు.

సముద్రం ఒడ్డునున్న పూడిమడక నుంచి మా వీధికి చేపలు తెచ్చి అమ్మే ఆమె ఉంది. నా భార్య పోయాక నేను మెస్సులో తింటున్నాను గనక మా గుమ్మం దగ్గర ఆగడం మానేసింది. ఒక ఆదివారం నేనే పిలిచి, పెట్టెలో ఐసు కొంచెం ఇమ్మన్నాను.

"సేపలొద్దా? ఐసేటికి బాబూ?"

"మా ఆవిడ తీసిన ఫోటోలు కడగాలి."

గిన్నె నిండా పోసి, తలుపు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఆ రోజే ఆమె రీలు కడిగాను. మందు పోసి, గడియారం చూస్తూ డబ్బా తిప్పాను. మూత తీసి చూస్తే బొమ్మలు పడ్డాయి. దండెం మీద ఆరేసి, ఆరాక నెగటివులను ఫోనుతో తీసి, నలుపును తెలుపు చేసి ఒక్కొక్కటే చూశాను. ఒక్కదానిలోనూ నేను లేను. బెల్లం మార్కెట్లో వరసగా పేర్చిన దిమ్మలు, ఖాళీ బస్టాపు, తర్వాత సముద్రం, ఇసుకలో పడవలు, వలలు. నేను కాలేజీలో ఉన్న వేళల్లో ఆమె ఇన్ని చోట్లకు వెళ్లిందని నాకు తెలియదు. చివరి వాటిలో చేపలామె నోరంతా తెరిచి నవ్వుతోంది.

మళ్లీ వచ్చినప్పుడు ఆమెకు చూపించాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోను అందుకుంది.

"ఆ అమ్మ నవ్వొద్దనీసింది. నవ్వకుండా ఎలాగుంతాను, సెప్పు" అంది. ఫోను తిరిగిస్తూ, "'బాబుని కూడా తేకపోయేవా అమ్మా' అన్నాను. 'ముందు నేను ఇదంతా బాగా సూసుకోనీ, అప్పుడు తెత్తాను' అంది. మరి రానేలేదు" అంది.

వెళ్లేటప్పుడు, "ఓ పాలి రా బాబూ, ఆ పడవలు అక్కడే ఉన్నాయి" అంది.

తర్వాతి సెలవు రోజు పొద్దున్నే పూడిమడక వెళ్లాను. ఆమె చేపల వేలంపాట దగ్గర తీరిక లేకుండా ఉంది. దూరం నుంచే చెయ్యెత్తి, పడవ నీడలో కూర్చోమని చూపించింది. ఎండ నీడను తినేసేదాకా అక్కడే కూర్చున్నాను. సముద్రం చాలా బాగుంది. తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆ మాట ఎవరికైనా చెబుదామని ఫోను తీశాను. పేర్లన్నీ కిందిదాకా చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను.