రెండు మూరల సందు

గంజాం మద్రాసు నుంచి విడివడి ఒరిస్సాలో కలిసిన రెండో ఏడు, బరంపురంలో బట్టల వర్తకుడి వితంతువు అమ్మణ్ణి ఇల్లు మొదలుపెట్టింది. తాపీపని సూరన్నది. చికిటి వైపు నుంచి వచ్చి, ముప్పయ్యేళ్లుగా కోమట్ల వీధిలో సగం ఇళ్లు ఆయనే కట్టాడు. కట్టిన గోడ విప్పి ఎరగడు. ఆ మాట పదిమందిలో చెప్పుకోవడమంటే మహా ఇష్టం.

ఇంటికి ఆయం, అంటే వాస్తు లెక్క, కుదరాలంటే కొలతలు ఇంటివాళ్ల మూరతోనే తీయాలి. సూరన్న అమ్మణ్ణి మోచేతి నుంచి నడివేలి కొసదాకా కొలిచి కర్ర కోశాడు. గదులకూ గుమ్మాలకూ అదే కొలత. పక్కింటి గోడకు మూడడుగుల సందు వదిలితేనే ప్లాను పాసవుతుందని మునిసిపాలిటీ కాగితం ఎవరో చదివి చెప్పారు. మూడడుగులంటే రెండు మూరలేగా అనుకుని సందుకూ ఆ కర్రే పెట్టాడు. అమ్మణ్ణి పొట్టి మనిషి. అంతటి మేస్త్రీకీ అది బుర్రకు తట్టలేదు!

గోడ కిటికీ ఎత్తు లేచాక ఓవర్సీరు వచ్చి టేపు పట్టాడు. నాలుగంగుళాలు తక్కువొచ్చింది.

"గోడన్నా విప్పాలి, మాఫీ కోరి అర్జీ అన్నా పెట్టుకోవాలి. నాలుగంగుళాలే కదా, ఒప్పుకుంటారేమో," అనేసి వెళ్లిపోయాడు.

"అర్జీయే ఎడదాం మేస్త్రీ," అంది అమ్మణ్ణి. "గోడ జరిపితే ఆయం సెడతాది. ఆయం నేని ఇంట్లోనే మా ఆయన పోనాడు. మల్లీ అలాటి కొంపలో నానెలాగుంటాను సెప్పు?"

సూరన్నకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆయన పరంజా మీద నిలబడి ఉండగా, పక్కిళ్ల మరుగుదొడ్లు శుభ్రం చేసే తవిటమ్మ నిండు తట్ట చంకన పెట్టుకుని సందులోకి వచ్చింది. తట్ట గోడలకు రాసుకుంది. ఆమె అడ్డంగా తిరిగి ఒక్కో అడుగే జరిగింది. మోచెయ్యి కొత్త ఇటికకు గీరుకుని రక్తం వచ్చింది. తట్టలోది ఒలికి చీర మీద పడింది. తల ఎత్తకుండా వెళ్లిపోయింది.

సూరన్నకు తల కొట్టేసినట్టయింది. ఈ సందు ఎవరి కోసమో తను ఒక్కనాడైనా ఆలోచించలేదు. కిందికి దిగి గడ్డపార అందుకున్నాడు.

"ఏటి సేస్తన్నావు? నాను ఇప్పమన్నానా?" అమ్మణ్ణి పరుగెత్తుకొచ్చింది.

"తప్పు నాదమ్మా. కూలి అడగను. మనిసి నడవనేని సందు ఎట్టీసి నానెలా నిద్దరోతాను?"

ఆమె గొల్లుమంది. ఆ దుఃఖమూ అబద్ధం కాదు. సూరన్న గోడంతా పునాది దాకా విప్పి, నాలుగంగుళాలు లోపలికి జరిపి కట్టాడు. మిగతా పనికి అమ్మణ్ణి వేరే మేస్త్రీని పెట్టుకుంది. ఆయం చెడగొట్టాడని పేరుపడ్డాక ఆ వీధిలో ఆయన్ని మరెవరూ పిలవలేదు. ప్రహరీలకూ బావి గట్లకూ అతుకులు వేస్తూ రోజులు వెళ్లదీశాడు.

కొన్నాళ్లకు ఓసారి ఆ సందు మొదట్లో నిలబడి తన గోడ చూసుకుంటున్నాడు. తవిటమ్మ తట్టతో తిన్నగా, గబగబా నడిచొస్తోంది. ఆయనెవరో ఆమెకు తెలియదు.

"తప్పుకో బాబూ, మీద పడతాది," అంది.

సూరన్న తప్పుకున్నాడు.