గంజి పెట్టిన కోటు

నేను ఈ అమెరికా దేశం వచ్చిన కొత్తలో ఉన్ని బట్ట అంటే ఇంట్లో ఒక పెద్దమనిషి ఉన్నట్టు లెక్క. ఇంటికొక కోటు, మనిషికొక స్వెటరు. చలి మొదలవగానే వాటిని పెట్టెలోంచి దించడం, నీరెండలో వేయడం, దులపడం, పురుగు కొట్టిందేమోనని వెలుగుకెత్తి చూడడం, చలి పోగానే కలరా ఉండలు వేసి మళ్లీ పడుకోబెట్టడం. అదంతా ఒక వ్రతంలా సాగేది. ఇప్పుడు మా మనవరాలు తొడుక్కునే ఉన్ని చొక్కాను నెలల తరబడి ఉతకనక్కర్లేదట. ఆ సంగతి డబ్బా మీద అచ్చేసి మరీ అమ్ముతున్నారు. మా నాయనమ్మ గొంగడి ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి పోయేదాకా సబ్బన్నది ఎరగదు. దాన్ని గొప్పగా చెప్పుకున్నవారు లేరు సరికదా, ఆ పక్కన కూర్చోవడానికే చుట్టాలు వెనకాడేవారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మోరిస్‌విల్‌లోని మా ఇంట్లో ఏటా ఆకులు రాలే రోజుల్లో ఉన్ని బట్టలు దించుతారు, దించినప్పుడల్లా నా కథ ఒకటి తప్పుగా చెప్పుకుంటారు. మొన్న కూడా మనవరాలు పెట్టె ముందు కూర్చుని, "తాతా, నువ్వు నానమ్మని చూడ్డానికి వెళ్తూ కోట్‌ని బాయిల్ చేశావంట కదా? డాడీ చెప్పాడు, సో ఫన్నీ!" అంది. బాయిలట! నేను కోటును ఉడకబెట్టలేదు. గంజి పెట్టాను. ఈ రెంటికీ తేడా తెలియకుండా డిగ్రీల మీద డిగ్రీలు సంపాదిస్తున్నారు ఈ ఇంట్లో. (నా కొడుకుకు రెండున్నాయి.) అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

నాది పాలమూరు వైపు పల్లె. పదో తరగతితో బడి నన్ను వదిలేసింది. నేను మాత్రం చదువును వదల్లేదు. గ్రంథాలయంలో దొరికిందల్లా, పొట్లం కట్టిన కాగితం దగ్గర్నుంచి, చదివాను. మా అక్క వీసా కాగితాలు పెట్టి పిలిపించుకుంటే ఈ ఊరి దగ్గరకొచ్చి, ఒక గోడౌన్లో సామాను దించే పనిలో చేరాను. అక్కా బావలతోనే ఉండేవాణ్ణి. మా బావ మంచివాడు, నవ్వకుండా నవ్వించే రకం. అప్పట్లో ఇక్కడ మనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. దీపావళికి ఒక బడి హాలు అద్దెకు తీసుకుని అందరం కలిసేవాళ్లం. అలాంటి ఒక దీపావళినాడు, మంచు మీద ఉప్పు చల్లితే ఎందుకు కరుగుతుందో నేనొక పెద్దమనిషికి వివరిస్తున్నాను. ఆయన అడుగు అడుగు జరుగుతూ చివరికి పులిహోర బల్ల దాకా వెళ్లిపోయాడు. చూస్తే, పళ్లెం పట్టుకున్న ఒక అమ్మాయి అక్కడే నిలబడి వింటోంది. "ఊఁ, తర్వాత?" అంది. నా జీవితంలో నా మాటను చివరిదాకా విన్న మొదటి మనిషి ఆమే.

కృష్ణా జిల్లా పిల్ల. అన్నగారి దగ్గర ఉండి చదువుకుంటోంది. ఆ అన్నగారు పేరుమోసిన ఇంజనీరు. చెల్లెలికి కనీసం మాస్టర్స్ చేసిన వరుణ్ణి చూస్తున్నాడని అందరికీ తెలుసు. నా ముఖం చూసి మా బావే చొరవ తీసుకుని ఫోన్ చేశాడు. అటునుంచి, "మీరడిగారు కాబట్టి కాదనలేను, ఆదివారం టీకి రండి" అన్నాడట. బావ ఫోన్ పెట్టేసి, "బామ్మర్ది, వాళ్లు టీకి పిలిచిన్రు, పిల్లను చూడనీకె కాదు. టీ అయిపోయేలోపు ఏమన్న జేసుకో" అన్నాడు. అంటే నాకున్న అవకాశం ఒక కప్పు టీ అంత. అది పోతే ఆమె మళ్లీ కనబడేది ఏ మాస్టర్స్ పక్కనో.

వేసుకుపోవడానికి నా దగ్గర ఏముంది? గోడౌన్ వాళ్లిచ్చిన జాకెట్టు. బావ తన ముదురు నీలం ఉన్ని కోటు ఇస్తానన్నాడు. మంచి కోటే, కానీ తడిసిన పిల్లిలా మెత్తగా వేలాడుతూ ఉండేది. నేను ఊళ్లో గంజి పెట్టిన తెల్లచొక్కా తప్ప వేసినవాణ్ణి కాను. మడత పెళపెళలాడాలి. బట్ట నిలబడితేనే మనిషి నిలబడినట్టని నా నమ్మకం. పైగా నాకొక సిద్ధాంతం కూడా ఉండేది, నా చిన్నతనంలో కళ్లారా చూసినది. మావైపు కొత్త గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తారు. అప్పుడది బిగిసి, వానను, గాలిని ఆపుతుంది. గొంగడి ఉన్ని, కోటు ఉన్ని. ఇందులో తప్పెక్కడుందో ఇప్పటికీ నాకెవరూ చెప్పలేదు. కోటు లోపల చిన్న చీటీ మీద నీళ్లు తగలనివ్వద్దని రాసి ఉన్న మాట నిజమే. చదివాను కూడా. కానీ నీళ్లు తగలకూడదంటే గొర్రె వానలో తడవదా? తడిసినప్పుడల్లా గొర్రె కురచవుతోందా? (బట్టల షాపువాళ్లు ఉతికే షాపువాళ్లతో కుమ్మక్కై ఆ చీటీలు కుడతారని నా అనుమానం. ఇప్పటికీ పోలేదు.)

శనివారం అక్కా బావా కలిసి సామాన్లకు వెళ్లారు. అక్క ఇంట్లో ఎలక్ట్రిక్ కుక్కరు. దాంట్లో నీళ్లన్నీ అన్నమే తాగేస్తుంది, గంజి చుక్క మిగలదు. అందుకని పెద్ద గిన్నె వెతికి, గుంటెడు నీళ్లు పోసి బియ్యం వండి, మూత అడ్డం పెట్టి వార్చాను. చిక్కటి గంజి. చింతగింజలు లేవు కదా అని కొంచెం ధారాళంగానే వాడాను. స్నానాల తొట్టిలో కోటును ముంచి, పిండి, కర్రకు తగిలించి, హీటరు పెంచాను. మిగిలిన అన్నంతో ఆ వారమంతా మేం పులిహోరే తిన్నాం, అది వేరే సంగతి.

తెల్లారేసరికి కోటు పని పట్టింది గంజి. నేను ఆశించినదానికంటే ఎక్కువే. కర్రనుంచి తీసి కింద పెడితే గోడకానుకుని తనంతట తాను నిలబడింది, చేతులు కాస్త ఎడంగా చాచి, ఎవర్నో ఆపడానికి వచ్చినట్టు. బావ పళ్లు తోముకోవడానికి వచ్చి, గుమ్మంలో ఆగి, దానివంక చాలాసేపు చూశాడు.

"బామ్మర్ది, లోపల ఎవరన్న ఉన్నరా?"

అక్క వచ్చి నెత్తి కొట్టుకుంది. "నీకు అక్కల్ ఉన్నదారా? ఉన్నికి గంజి వెడ్తరా ఎవరన్న? ఇప్పుడేం ఏస్కపోతవ్, నా సీర ఏస్కపోతవా?"

"గొంగడికి పెట్టరా అక్కా?"

"పిల్లను సూడవోతున్నవా, గొర్లు గాయవోతున్నవా?"

వేరే కోటు లేదు. ఇస్త్రీ పెడితే ఇంకా బిగిసింది, పైన తెల్లటి పొరలు లేచి చుండ్రులా రాలాయి. అక్క బ్రష్షుతో రాస్తూ, తిడుతూ, నన్ను అందులోకి ఎక్కించింది. (తొడిగింది అనడానికి వీల్లేదు.) కార్లో నేను వంగలేదు. ముందు సీటు వెనక్కి పడేసి, పలకలా ఏటవాలుగా ఆన్చారు. దిగేసరికి మంచూ వానా కలిసి పడుతున్నాయి. కారునుంచి గుమ్మం దాకా నడిచేలోగా తడిశాను. గాలి మాత్రం లోపలికి రాలేదు. నా సిద్ధాంతంలోని ఆ భాగం నిజమేనని మనవి.

ఇంజనీరుగారు మర్యాదస్తుడు. హీటరు గాలి వచ్చే చోట నన్ను కూర్చోబెట్టాడు. ఆయన భార్య టీ ఇచ్చింది. అక్కడ మొదలైంది అసలు కష్టం. మోచెయ్యి వంగదు. కప్పు గాల్లో జానెడు దూరంలో ఆగిపోయింది. రెండుసార్లు ప్రయత్నించి, కప్పు దగ్గరికి నేనే మెడ చాచి తాగాను. ఆయన నెమ్మదిగా, నొప్పించకుండా అడిగాడు: "చేతులు... చిన్నప్పటి నుంచీ అంతేనాండీ?"

"అయ్యో, చేతులు మంచిగనే ఉన్నయండి. కోటే జర మొండిది" అన్నాడు బావ.

"చదువు?"

"పదో తరగతి ప్యాసయ్యానండి. ఆ తర్వాత నేనే చదువుకున్నాను."

"నేనే అంటే?"

"అంటే... నేనే."

ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు బాగా తెలుసు. దీపావళినాటి పెద్దమనిషి కూడా అలాగే ఊపి పులిహోర వైపు జరిగాడు. టీ అడుక్కి వచ్చింది. అక్క నేలచూపులు చూస్తోంది. అదే సమయానికి హీటరు వేడికి తడిసిన గంజి మెల్లగా కరగడం మొదలుపెట్టింది. గదినిండా వాసన. ఇంజనీరుగారు అటూ ఇటూ చూసి, "ఏమోయ్, స్టవ్ మీద ఏమైనా పొంగుతోందా?" అని కేకేశాడు. భార్య వంటింట్లోకి వెళ్లి వచ్చి, "స్టవ్ ఆపే ఉందండీ" అంది. ఇద్దరూ గాలిని వాసన చూస్తూ నిలబడ్డారు. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, నేను పీల్చకపోతే వాళ్లకీ రాదన్నట్టు.

అప్పుడు ఆ అమ్మాయి జంతికల పళ్లెంతో వచ్చింది. గది మధ్యలో ఆగిపోయింది. కళ్లు మూసుకుని ఒకసారి గట్టిగా పీల్చింది.

"అన్నయ్యా, గంజి! ఎవరో అన్నం వార్చారు."

"మనింట్లో కుక్కరేగా, పిచ్చిదానా?"

"అందుకేగా అంటున్నాను. ఈ దేశం వచ్చాక ఈ వాసన తగల్లేదు నాకు. అమ్మ వంటింట్లో నిలబడ్డట్టుంది." అంటూ వాసనపట్టి రెండడుగులు వేసి, నా ముందు ఆగి, కోటు కేసి వంగి చూసింది. "మీరేనా? కోటుకి గంజి పెట్టారా?"

అబద్ధమాడే వీలు లేదు. భుజం మీంచి ఒక తెల్లపొర అప్పుడే జారి నా ఒళ్లో పడింది. ఇక పోయేదేముందని మొత్తం చెప్పేశాను. గొంగడి, చింతగింజలు, గాలి దూరే సందులు, వానలో గొర్రె, చీటీలు కుట్టేవాళ్ల కుట్ర. మధ్యలో బావ రెండుసార్లు దగ్గాడు. ఇంజనీరుగారు గడియారం చూసుకున్నాడు. ఆమె మాత్రం పళ్లెం పట్టుకుని, అచ్చం ఆ దీపావళినాటిలాగే నిలబడి వింది. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న వేసింది.

"అయితే బియ్యం గంజి ఎందుకు వాడారు? తప్పు అక్కడ జరిగిందన్నమాట."

"ఈ ఊళ్లో చింతగింజలేవండీ? చింతపండు గింజ తీసి మరీ వస్తోంది!" అన్నాను, నిజంగానే కోపం వచ్చి.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. పళ్లెంలో జంతికలు గలగలమన్నాయి. మా అక్క తల ఎత్తింది.

వారం తిరక్కుండా ఇంజనీరుగారు బావకు ఫోన్ చేశాడు. "మా చెల్లెలు ఒప్పుకుందండీ. ఎందుకో నాకైతే తెలీదు" అన్నాడట. (తరవాత తరవాత మేమిద్దరం మంచి స్నేహితులమయ్యాం. ఎందుకో మాత్రం ఆయనకు చివరిదాకా తెలియలేదు.) బావ ఆ కోటును మళ్లీ ముట్టకుండా పెళ్లికి నాకే ఇచ్చేశాడు. "ఇది ఇంక ఎవరికి వంగదు, నీ మాటనే ఇంటది" అన్నాడు. పెళ్లయ్యాక ఉన్ని బట్టల అధికారం నా చేతుల్లోంచి పోయింది. మా ఆవిడే కుంకుడుకాయల నురుగులో, చల్లటి నీళ్లలో, పసిపిల్లకు తలంటినట్టు ఉతికేది. పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తేది. నన్ను ఆ గది గుమ్మం దాటనిచ్చేది కాదు. కోటును ఎన్నిసార్లు కడిగినా కాలరులో గంజి వాసన మిగిలే ఉందని, ఏటా పెట్టె దించగానే ముక్కుకు ఆనించుకుని, "ఇంకా వస్తోందండోయ్" అనేది. నేనూ చూసేవాణ్ణి. మొదట్లో వచ్చేది కూడా.

ఊరూ వాడా తలుపులేసుకు కూర్చున్న ఆ జబ్బు కాలంలో మా ఆవిడకూ జ్వరం వచ్చి తగ్గింది. వెళ్తూ వెళ్తూ అది ఆమె ముక్కును పట్టుకుపోయింది. ఇంగువ లేదు, మల్లెపూవు లేదు, మాడిన పోపు కూడా లేదు. డాక్టర్లు తిరిగొస్తుందన్నారు, రాలేదు. ఆమె ఆ సంగతి మాట్లాడదు.

మొన్న మనవరాలు కోటు తీసి ఇస్తే, మా ఆవిడ ఎప్పటిలాగే కాలరును ముక్కుకు ఆనించుకుంది. "ఇంకా వస్తోంది" అంది.

"నాకేం రావట్లేదు నానమ్మా. ఓన్లీ మాత్‌బాల్స్" అంది పిల్ల.

నేనూ తీసుకుని చూశాను. కలరా ఉండల వాసన తప్ప ఏమీ లేదు. "వస్తోంది, నీ ముక్కు మంచిది కాదు" అని పిల్లను కసిరి, ఎవరి మీదో తెలియని కోపంతో వంటింట్లోకి పోయి, పెద్ద గిన్నె స్టవ్ మీద పెట్టాను. వాసన తెలియకపోయినా మూత చప్పుడుకు మా ఆవిడ హాల్లోంచే అంది, "ఏమండీ, మళ్లీ కోటుకేనా? ఎసరు పొంగుతోంది, మంట తగ్గించండి."

వార్చిన గంజిని కాలరు వరకే రెండు వేళ్లతో రాశాను. ఈసారి పలచగా, తగు మోతాదులో. ఈ మోతాదు నాకు వంటబట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. మనవరాలు వాసన చూసి, "ఓ మై గాడ్, రైస్!" అంది. మా ఆవిడ తనూ చూసింది, చాలాసేపు. "చెప్పానా?" అంది మనవరాలితో.

ఇప్పుడా కోటు నా ఎదురుగా కుర్చీ వీపుకు వేలాడుతూ, కాలరు ఒక్కటీ నిటారుగా పెట్టుకుని ఆరుతోంది. బావ ఉండి ఉంటే గుమ్మంలో ఆగి, లోపల ఎవరన్న ఉన్నరా అని అడిగేవాడే. ఉన్నాడు బావా, ఆ నీ బామ్మర్దే. కాకపోతే ఇప్పుడు కోటు వేసుకోకుండానే చేతులు వంగడం లేదు.