అమ్మ ఎక్కిన పెద్దపీట

మా అమ్మ హెఫీనా ప్రోసర్ పోంట్‌వెదు సంతలో వెన్న అమ్మేది. గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఆదివారం మాత్రం ప్రార్థన మందిరంలో గుమ్మం పక్కన, బాల్కనీ కింద, స్తంభం చాటున ఉండే ఆఖరి బల్ల మీద కూర్చునేది. పక్కన నేను. అక్కణ్ణుంచి బోధకుడి మొహం కనపడదు, గొంతే వినపడుతుంది.

మా మందిరాన్ని కొత్తవాళ్లు చూస్తే ధాన్యం కొట్టేమో అనుకుంటారు. గోపురం లేదు, శిలువ లేదు, కిటికీలకు రంగు అద్దాలు లేవు. దొరల చర్చి మాకొద్దు పొమ్మని మా తాతలు కట్టుకున్నది. దేవుడి ముందు అందరూ ఒకటేనని వాళ్ల గొప్ప. లోపలికొస్తే ఒక్కో కుటుంబానికీ తలుపున్న చెక్క అర, దానికి ఏటా అద్దె. పిలవకుండా ఒకరి అరలో ఇంకొకరు కూర్చోవడమంటే పక్కింటివాళ్ల మంచమెక్కి పడుకోవడమే. అద్దె లేనివి రెండే. ఒకటి ఆఖరి బల్ల. రెండోది బోధకుడు నిలబడే వేదిక ముందు, కటకటాల మధ్య ఉండే పెద్దపీట. అది సంఘ పెద్దలది. ఏ ఆడదీ అందులో అడుగుపెట్టిన పాపాన పోలేదు.

పెళ్లి కాకుండానే నేను అమ్మ కడుపున పడ్డాను. ఆ పెద్దపీట ముందే అమ్మను నిలబెట్టి, అందరూ చేతులెత్తి వెలివేశారు. వెలిపడ్డవాళ్లు వచ్చి వినొచ్చు గానీ, కూర్చోవాల్సింది ఆఖరి బల్ల మీదే. తప్పయిందని నలుగురి ముందూ అంటే మళ్లీ చేర్చుకుంటారు. అలా వెలిపడ్డ ఆడవాళ్లు చాలామంది ఏడుస్తూ అన్నారు. నా జుట్టు నెరవడం మొదలైనా అమ్మ మాత్రం అనలేదు.

"నిన్ను కన్నందుకు తప్పయిందని వీళ్ల ముందు అనాలా? నా నోట రాదే," అనేది.

మా నాన్నెవరో ఊరందరికీ తెలుసు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన అర ఆయనకుంది, తలుపుతో సహా. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక చలికాలం, గాలి కొడుతోందని గుమ్మం దగ్గర చెక్కల అడ్డుగోడ కట్టించాలనుకున్నారు. అందుకు ఆఖరి బల్ల పీకేయాలి. పెద్దల్లో పెద్ద, బట్టల కొట్టు మెయిరిగ్ సంతలో అమ్మ దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడి.

"ఒక్క మాట అనేయ్ హెఫీనా. మీకూ ఒక అర ఇప్పిస్తాం. కూతురితో దర్జాగా కూర్చో."

"ఏ మాట?"

"తెలుసుగా. ఇంత వయసొచ్చాక ఇంకా ఎందుకా పంతం?"

"వయసు నీకూ వచ్చిందిగా మెయిరిగూ, బుద్ధే రాలేదు. వెన్న కావాలా వద్దా? నీ వెనక జనం ఆగారు."

"బల్ల తీసేస్తే ఎక్కడ కూర్చుంటావు?"

"అది తీసేవాళ్లు ఆలోచించుకోవాలి."

వాళ్లు ఆలోచించలేదు. అయితే లొంగుతుంది, లేకపోతే ఇంట్లో కూర్చుంటుంది అనుకున్నారు.

ఆదివారం వెళ్లేసరికి బల్ల లేదు. "ఇంటికి పోదాం పదమ్మా," అన్నాను. అమ్మ నా చెయ్యి విడిపించుకుని నడిమి దారిన నడిచింది. ఒక్క అర తలుపైనా తెరుచుకోలేదు. అందరికీ ఉన్నట్టుండి కీర్తనల పుస్తకం మీద భక్తి పుట్టుకొచ్చింది. అమ్మ నేరుగా వెళ్లి కటకటాల గడియ తీసి, పెద్దపీట మీద మెయిరిగ్ పక్కన కూర్చుంది.

"ఇదేంటి హెఫీనా? ఇది పెద్దలది," అని అతను గుసగుసలాడాడు. వేదిక దగ్గర గుసగుసలాడినా బాల్కనీ దాకా వినపడేలా కట్టారు మా తాతలు.

"అద్దె లేని చోటు ఇదొక్కటే మిగిల్చారు. ఎవరి అరలోకి పొమ్మంటావు? మీ అరలోకా?"

బోధకుడు గబగబా కీర్తన నంబరు చెప్పాడు. కీర్తనకు పెద్దపీటలో వాళ్లు లేచి జనం వైపు తిరగాలి, అది మా ఆచారం. పెద్దలు అలవాటుగా తిరిగారు. వాళ్లతోపాటు అమ్మా తిరిగింది. ఒకప్పుడు తలదించుకోమన్న చోటే తలెత్తుకుని, సంతలో అరిచే గొంతుతో పాడింది. గుమ్మం దగ్గర ఒంటరిగా నిలబడ్డ నన్ను చూసి, పాట మధ్యలోనే, "రావే," అంది. వెళ్లాను.

మరుసటి ఆదివారానికి ఆఖరి బల్ల ఎక్కడిదక్కడ ఉంది. మెయిరిగ్ గుమ్మంలోనే కాపు కాసి, దాన్ని అమ్మకు చూపించాడు.

"వద్దులే నాయనా," అంది అమ్మ ముందుకు నడుస్తూ. "అక్కడ గాలి కొడుతుందట."