రెండో ఆల్బమ్ మోగిన షెడ్డు

మా యజమాని ఆ రికార్డు పెట్టాడంటే మేం బరువైన పానాలన్నీ పెట్టెలో వేసి తాళం పెట్టేవాళ్లం. గల్ఫ్‌లోని అల్ ఖూజ్‌లో పాత స్కూటర్లు బాగుచేసే షెడ్డు అది. యజమాని బ్రిటన్ వాడు. కుర్రతనంలో ఒక బ్యాండులో డ్రమ్స్ వాయించాడు.

అదేమి బ్యాండో తెలుసుకోవాలని సెలవురోజుల్లో లైబ్రరీకి వెళ్లి చదివాను. ఒకప్పుడు బ్రిటన్‌లో మాడ్స్ అనే కుర్రాళ్లు ఉండేవారు. నలగని సూట్లు, ముందంతా అద్దాలు బిగించిన స్కూటర్లు. తోలుకోట్ల మోటారుసైకిల్ వాళ్లతో సముద్రపుటొడ్డున కుర్చీలు విరిగేలా కొట్టుకున్నారు. తర్వాత ఇంకో తరం ఆ వేషాన్నీ ఆ పాటనూ మళ్లీ ఎత్తుకుంది. మావాడి బ్యాండు ఆ రెండో తరానిది. మొదటి ఆల్బమ్ చెంపమీద కొట్టినట్టుంటుంది. రెండోదానిలో బాకాలు, వయొలిన్లు చేర్చి మెత్తబరిచారు. అది అమ్ముడుపోలేదు, బ్యాండు చెదిరిపోయింది. మావాడు షెడ్డులో పెట్టే రికార్డు అదే, అది మోగితే ఆ కోపం చేతికందిన దానిమీద తీర్చుకునేవాడు.

మా పెయింటరన్నది జగిత్యాల. “మొదటిది ఇంటే ఎవన్నన్న తన్నబుద్ధయితది. రెండోది ఇంటే పండబుద్ధయితది రా” అనేవాడు.

కరోనా తగ్గిన ఏడాది, యజమాని పాత స్నేహితుడొకడు తన స్కూటర్ కోసం వచ్చాడు. రెండో ఆల్బమే మోగుతోంది. “ఇంకా ఈ చెత్తేనా? మిమ్మల్ని ముంచింది ఇదే కదా” అని నవ్వాడు.

యజమాని పానా కోసం వెతికాడు. దొరక్క హెల్మెట్ అందుకున్నాడు. మొదటి దెబ్బకు స్కూటర్ అద్దాలు పగిలాయి. రెండోది స్నేహితుడి చెవిమీద పడింది. అతను కూలిపోయాడు. మూడోసారి ఎత్తగానే “సాబ్, బస్ కరో, మర్ జాయేగా!” చచ్చిపోతాడని అరుస్తూ పెయింటరన్న చెయ్యి అడ్డుపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు బాకాల మధ్య నుంచి కూడా వినబడింది.

అన్న వీసా ఆ వారమే రెన్యూ కావాలి. సంతకం యజమానిది.

ఆసుపత్రిలో స్నేహితుడు జారిపడ్డానని చెప్పేశాడు. అన్న మాట పోలీసుకు ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే కనుక, పోలీసు వచ్చేలోపు యజమాని నా చెవిలో ఏదో గొణిగాడు.

“ఏమంటుండు రా?” అన్న అడిగాడు.

“నువ్వు గూడ పడ్డవని చెప్పమంటుండు అన్నా. వీసా సంగతి సోంచాయించు.”

“నేనేడ పడ్డ? నిలబడే ఉంటి గద. కొట్టిండని చెప్పు.”

“మరి వీసా?”

“ఖలాస్ అయితే కానియ్ రా. ఇంకో చెయ్యి ఈనికిచ్చుడు నాతోని కాదు.”

పోలీసుకు ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పాను. యజమాని ఒక్క ఊపున నా గొంతు పట్టుకున్నాడు. ఇద్దరు లాగితే గాని వదల్లేదు.

వీసా రెన్యూ కాలేదు. అన్న కట్టు చేతితోనే విమానమెక్కాడు.