పొద్దుగూకినాక సముద్రం

పెళ్లైన కొత్తలో మా ఆయన నన్ను గోవా తీసుకెళ్తానని మాటిచ్చాడు. పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ ఆయనది. బట్టలు సర్దుకున్నాక యూనిట్ ఆగిందని సెలవు రద్దయింది. తర్వాత పిల్లలు, వాళ్ల పరీక్షలు. చివరికి పిల్లలిద్దరూ హాస్టళ్లకు చేరాక టికెట్లు తీశాడు. రెండు కాదు, మూడు. మూడోది మా అత్తమ్మకు.

నా కోరిక ఒక్కటే. సాయంత్రం పూట సముద్రంలో పాదాలు తడిసేలా నిలబడి, మా ఆయన చెయ్యి పట్టుకుని, సూర్యుడు నీళ్లలో మునగడం చూడాలి. ఇద్దరమే. ఈ వయసులో ఇదేం ముచ్చట అని నవ్వుతారని ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనా నవ్వాడు.

అత్తమ్మ పుట్టింది బూర్గంపాడు దగ్గర గోదావరి ఒడ్డు ఊళ్లో. నీళ్ల దగ్గర ఆమెకు కొన్ని కట్టుబాట్లున్నాయి. దిగే ముందు ఒంగి నీళ్లు కళ్లకద్దుకోవాలి. పసుపు కుంకుమ వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, పొద్దుగూకేసరికి ఒక్క మనిషి కూడా నీళ్లలో ఉండకూడదు. ఇసుకలో గుంట ఎక్కడుందో మసక వెలుతురులో కనపడదు మరి. మంచి మాటే. కానీ సూర్యుడు మునిగేది కూడా ఆ వేళకే కదా! ఈ చిక్కు నాకు రైలు దిగేదాకా తట్టలేదు.

మొదటి సాయంత్రం అత్తమ్మ బీచిలో పసుపు కుంకుమ వేసి, "మన గోదారి గిట్ల పోయి పోయి గీడనే కలుస్తదన్నట్టు" అంది. నీళ్లలోకి దిగే తొందరలో మేం "అవ్, అవ్" అనేశాం. సూర్యుడు ఎర్రబడ్డాడు. మా ఆయన చెయ్యి అందుకోబోయాను. అంతే, వెనక నుంచి కేక.

"ఏయ్! పొద్దుగూకింది! జల్దీ బయటికి రాండ్రి! నీళ్లల్ల ఎవ్వలుండొద్దు!"

గోదావరి ఈ ఒడ్డున నిలబడి ఆ ఒడ్డు పడవను పిలిచిన గొంతు అది. మేమే కాదు, పక్కన ఈదుతున్న ఫారిన్ జంట కూడా హడలిపోయి బయటికొచ్చేసింది. లైఫ్‌గార్డు విజిల్ నోటిదాకా తీసుకెళ్లి, ఇంక అవసరం లేదని దించేశాడు.

మర్నాడు ఊరు చూశాం. కోట దగ్గర అత్తమ్మ, "గింత పెద్ద కోట కట్టిండ్రు, నీడకు ఒక్క చెట్టన్న పెట్టలే" అని తీర్పు చెప్పింది. పడవలో అందరూ డాల్ఫిన్ కనపడిందని లేచి నిలబడి ఫొటోలు తీస్తుంటే, "మా వాలుగ చేప దీనికంటె పెద్దగుంటది" అని కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. సాయంత్రం బీచి కనపడగానే గొంతు సవరించుకుంది. నేను నేరుగా గదికెళ్లి ముసుగు తన్నాను. నిజంగా కోపమొచ్చింది. పానకంలో పుడక అని లోపల్లోపల వందసార్లు అనుకున్నాను.

ఇక మిగిలింది ఆఖరి సాయంత్రం. తెల్లారితే రైలు. బీచికి వెళ్లగానే అత్తమ్మ, సీసా నీళ్లు ప్లాస్టిక్ వాసనొస్తున్నాయని పక్కన పెట్టి, చెలమ తియ్యడం మొదలుపెట్టింది. ఎండాకాలం గోదావరి ఇసుకలో చేత్తో గుంట తీస్తే తేట నీళ్లు ఊరతాయి. ఆ గుంటే చెలమ. ఒడ్డు ఊళ్లవాళ్లు ఆ నీళ్లు తాగే పెరిగారు.

"ఇది సముద్రమమ్మా, ఉప్పగుంటయ్" అన్నాడు మా ఆయన.

"ఇసుక ఏడుంటె ఆడ తియ్యటి నీళ్లే ఉంటయ్. తవ్వు."

ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతున్నాడు. సూర్యుడు దిగుతున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

నీళ్లు ఊరాయి. అత్తమ్మ దోసిట్లో తీసుకుని గుటకేసింది. వెంటనే ఉమ్మేసింది.

"థూ! ఉప్పు! గోదారి కలిసినంక గూడ గిట్లనేనా?"

"గోదారి ఈడికి రాదమ్మా. అది తూర్పు దిక్కు పోతది. ఇది పడమటి సముద్రం."

అత్తమ్మ దోసిట్లో మిగిలిన నీళ్లు వదిలేసింది. "మరి నేను ఇన్ని దినాలు ఎవలికేసిన పసుపు కుంకుమ?" అంది. మేమిద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆమె మాత్రం సముద్రం వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అంటే ఈ గంగమ్మ వేరే ఊరామె. మన కట్టు ఈడ చెల్లదు" అని తేల్చి, నా వైపు తిరిగింది. "గట్ల నిలబడ్డవేంది? వాణ్ని తోల్కపో. పొద్దు మునుగుతుంది. పో బిడ్డా!"

నా కోరిక ఆమెకెలా తెలిసిందో! మా ఆయన చేతుల ఇసుక దులుపుకుంటూ ఎటో చూస్తున్నాడు.

పరిగెత్తాం. సగం సూర్యుడు మిగిలే ఉన్నాడు. ఆయన అరచెయ్యి ఇంకా గరగరలాడుతోంది, గట్టిగా పట్టుకున్నాను. ఇన్నేళ్ల ముచ్చట తీరిందని కళ్లు తడయ్యాయి. ఆ సంతోషంలో అత్తమ్మ కోసం వెనక్కి తిరిగి చూశాను. ఆమె సముద్రానికి వీపు పెట్టి, కొబ్బరి చెట్ల వైపు మొహం చేసి కూర్చుంది. సముద్రం చూడ్డానికని అంత దూరం రైల్లో నడుం నొప్పితో వచ్చిన మనిషి.

సూర్యుడు పూర్తిగా మునిగాక ఆమె దగ్గరికొచ్చాం.

"అటు తిరిగి కూసున్నవేంది అత్తమ్మా?"

"మీ చెప్పులు ఎవలన్న ఎత్కపోతరని కాపలా కాస్తున్న."

మా చెప్పులు ఆమె వీపు వెనకాల, నీళ్ల వైపున, విడిచిన చోటే ఉన్నాయి.